క్లీనింగ్ వాళ్ళకు ఫోన్ చేసే ముందు: లాడ్జీల వాళ్ళతో, అపార్ట్‌మెంట్ల వాళ్ళతో నాలుగు మాటలు

(తిరుపతిలో లాడ్జీ మేనేజర్లు, అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్ళు కలిసి పెట్టుకున్న సమావేశంలో, ఆసుపత్రిలో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా చేసి రిటైరైన ఒక మేడం మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళు కాస్త ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ ఫ్యాన్ల చప్పుడుకి నా గొంతు అక్కడిదాకా రాదు. ఆ, రండి రండి.

ఈరోజు మాట్లాడుకునేది ఎవరికీ ఇష్టమైన విషయం కాదు. ఒక గదిలో ఒక మనిషి పోతాడు. గుండె ఆగి పోవచ్చు, తనంతట తానే ప్రాణం తీసుకోవచ్చు, బాత్రూంలో జారి తల పగలొచ్చు, ఒంటరిగా ఉండే పెద్దాయన పోయి మూడు రోజుల తర్వాత వాసన వస్తే పక్కింటివాళ్ళు తలుపు కొట్టొచ్చు. పోలీసులు వస్తారు, పంచనామా జరుగుతుంది, శవాన్ని రుయా ఆసుపత్రికి పోస్టుమార్టానికి తీసుకుపోతారు. ఆ తర్వాత? గది అట్లే ఉంటుంది కదా. నేల మీద రక్తం అట్లే ఉంటుంది, పరుపు అట్లే ఉంటుంది. దాన్ని ఎవరు కడగాలి? మీలో ఎంతమంది ఈ సంగతి ముందే అనుకొని పెట్టుకున్నారు? చేతులెత్తమని అడగను, మొహాలు చూస్తే తెలుస్తోంది.

మన ఊరికి ఇంకో చిక్కు ఉంది. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి, ఎక్కడెక్కడి నుంచో దర్శనానికి వస్తారు. వయసు పైబడినవాళ్ళు, బీపీ, షుగరు ఉన్నవాళ్ళు, కొండకు నడిచొచ్చి అలిసిపోయినవాళ్ళు. మన లాడ్జీలోనే ప్రాణం పోతే ఆ కుటుంబానికి ఈ ఊళ్ళో ఎవరూ తెలీదు, మీరే దిక్కు. బ్రహ్మోత్సవాలో వైకుంఠ ఏకాదశో అయితే రూము కోసం కింద పదిమంది నిలబడి ఉంటారు. ఆ తొందరలో ఏం జరుగుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. రూంబాయ్‌ని పిలుస్తారు. ఒక బకెట్టు, ఒక చీపురు, ఒక ఫినాయిల్ డబ్బా. "తొందరగా కానీ రా."

నేను డ్యూటీలో ఉండగా ఒక లాడ్జీ నుంచి అట్లాంటి పిల్లోడొకడు వచ్చాడు. ఏ లాడ్జీ అని అడక్కండి, చెప్పను. ఇరవై ఏళ్ళు ఉంటాయో ఉండవో, పలమనేరు వైపు పల్లె. కుడి అరచేతికి పాత తువ్వాలు చుట్టుకొని, దాని పైన ఇంకో చేత్తో గట్టిగా పట్టుకొని నిలబడ్డాడు. అద్దం పగిలి ముక్కలన్నీ రక్తంలో పడి ఉంటే చేత్తో ఏరి బకెట్లో వేశాడంట. గ్లౌజులేవి నాయనా అని అడిగా. "క్యారీ బ్యాగులు చేతులకు తొడుక్కొని రబ్బర్ బ్యాండు వేసుకోమన్నారు మేడం, జారిపోతా ఉంటే తీసేసినా" అన్నాడు. చనిపోయినాయనకి ఏ జబ్బుందో ఎవరికి తెలుసు? ఎవరికీ తెలీదు. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మాత్రలు 72 గంటల లోపలే మొదలుపెట్టాలి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. మొదలుపెట్టాం. 28 రోజులు వాడాలి అవి. కడుపులో తిప్పుతోంది మేడం అంటూనే మింగాడు. ఆ తర్వాత టెస్టుల కోసం నెలల తరబడి తిరిగాడు. ఒక గది సాయంత్రానికల్లా అద్దెకు ఇవ్వాలనే తొందరకి ఆ పిల్లోడు పడిన టెన్షన్ అది. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

అపార్ట్‌మెంట్ల వాళ్ళు కూడా వినండి. మీరు వాచ్‌మన్ భార్యని పిలుస్తారు, లేకపోతే వీధి ఊడ్చే మున్సిపాలిటీ అన్నని పిలుస్తారు. చేతిలో డబ్బులు పెడతారు, కొంతమందైతే మందు తాగించి మరీ లోపలికి పంపిస్తారు. ఎందుకు తాగించాలి? మెలకువగా ఉన్న మనిషి ఆ పని చెయ్యలేడని మనకు తెలుసు కాబట్టే కదా? మనం గుమ్మం దగ్గర ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని నిలబడి, వాళ్ళను ఒట్టి చేతులతో లోపలికి పంపుతున్నాం. ఇది ఆగాలి. దాని కోసమే నేను ఈరోజు వచ్చింది.

ఈ పనికోసమే ట్రైనింగ్ తీసుకున్నవాళ్ళు ఉన్నారు. ట్రామా క్లీనింగ్ అంటారు, కొన్నిచోట్ల బయోహజార్డ్ క్లీనింగ్ అంటారు. ఎక్కువగా చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ లాంటి చోట్ల దొరుకుతారు. మన దగ్గర డీప్ క్లీనింగ్ అని బోర్డు పెట్టుకున్నవాళ్ళలో చాలామంది సోఫాలు, కిచెన్ చిమ్నీలు శుభ్రం చేసేవాళ్ళే, రక్తం పని చెయ్యరు. అడిగితేనే తెలుస్తుంది. చెన్నై నుంచి మనిషి రావాలంటే మూడు నాలుగు గంటలు పడుతుంది, కాబట్టి ఆ ఫోన్ చేసేముందు మనం సిద్ధంగా ఉంటే ఒక పూట కలిసొస్తుంది. లేకపోతే వాళ్ళు ఒక సామానుతో వస్తారు, ఇక్కడ ఇంకోటి కావాల్సి ఉంటుంది.

ముందు ఒక సంగతి. మనిషి పోయిన ప్రతి చోటికీ వీళ్ళు అక్కర్లేదు. నిద్రలో పోయారు, గంటల్లోనే చూసుకున్నారు, రక్తం లేదు, ఏమీ కారలేదు అంటే మామూలుగా దుప్పట్లు మార్చి, నేల తుడిచి, కిటికీలు తెరిస్తే చాలు. శవం అనగానే రోగం అంటుకుంటుందని భయపడొద్దు. ప్రమాదం ఉండేది రక్తంతో, ఒంట్లోంచి కారిన ద్రవాలతో, వాటిలో పడి ఉన్న బ్లేడు, సూది, గాజు ముక్కలతో. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన రక్తంలో కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. ఎండింది కదా, గీకేస్తే పోతుంది అనుకుంటారు చూడండి, అక్కడే ప్రమాదం. కూరగాయలు కోస్తూ వేలు తెగి నాలుగు చుక్కలు పడితే మీరే తుడుచుకోవచ్చు. గ్లౌజులు వేసుకొని, కాగితంతో అద్ది తీసి, ఒక శాతం హైపోక్లోరైట్ ద్రావణం, అంటే బ్లీచ్ నీళ్ళు, పోసి, పది నిమిషాలు ఆగి తుడవండి. నేల మీద మడుగు కట్టినా, పరుపులోకి ఇంకినా, మనిషి పోయి రోజులు గడిచినా మీరు చెయ్యి పెట్టొద్దు.

అన్నిటికంటే ముందు పోలీసులు. 112కి ఫోన్ చేస్తే చాలు. అనుమానాస్పద మరణమో, ఆత్మహత్యో, ప్రమాదమో అయితే 194వ సెక్షన్ కింద పంచనామా రాస్తారు. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 174 అనేవాళ్ళు, 2024 జులై 1 నుంచి కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది 194. చుట్టుపక్కల పెద్దమనుషులు ఇద్దరో అంతకంటే ఎక్కువమందో సాక్షులుగా ఉండాలి, చాలాసార్లు ఆ సాక్షులు మీరే అవుతారు. పెళ్ళయి ఏడేళ్ళు నిండని ఆడబిడ్డ అయితే తహసీల్దారు లాంటి మేజిస్ట్రేటు వచ్చి చూస్తారు, అక్కడ ఇంకొంచెం ఆలస్యం అవుతుంది. ఇదంతా అయ్యేదాకా గదిలో గుడ్డ ముక్క కూడా కదపొద్దు. పాపం పిల్లలు చూడలేరని ముందే కడిగేశాం సార్ అంటారు. మీ మనసు మంచిదే, కానీ సాక్ష్యం చెరిపేశారంటే కేసు మీ మీదికి రావొచ్చు. ఐపీసీ బదులు వచ్చిన బీఎన్‌ఎస్ చట్టంలో 238వ సెక్షన్ దాని గురించే. కాబట్టి ఎస్‌ఐ గారినో, వచ్చిన అధికారినో నేరుగా అడగండి, "సార్, గది మాకు అప్పగించినట్టేనా, శుభ్రం చేయించుకోవచ్చా?" అని. వీలైతే రాతపూర్వకంగా తీసుకోండి, లేదంటే ఎవరు చెప్పారో, ఎన్ని గంటలకు చెప్పారో రాసిపెట్టుకోండి. క్లీనింగ్ కంపెనీవాళ్ళు కూడా ముందు అడిగే ప్రశ్న ఇదే.

సరే, పోలీసులు వెళ్ళిపోయారు. క్లీనింగ్ వాళ్ళు వచ్చేలోపు ఏం చెయ్యాలి? చెయ్యకూడనివే జాస్తి. ఫ్యాన్ వెయ్యొద్దు, ఏసీ వెయ్యొద్దు. తలుపు మూసి, తాళం ఒకరి దగ్గరే ఉంచండి. వేడినీళ్ళు పొయ్యొద్దు, వేడికి రక్తం గట్టిపడి మరక పట్టేస్తుంది. రూం స్ప్రే కొట్టొద్దు, అగరొత్తులు పది వెలిగించొద్దు, ఆ వాసన మీద ఇంకో వాసన కలుస్తుంది తప్ప పోదు. ఇంక ఇది మాత్రం చాలా గట్టిగా చెప్తున్నా, బ్లీచింగ్ పౌడరు వేసి దాని మీద బాత్రూం యాసిడ్ పొయ్యొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. మూసి ఉన్న చిన్న బాత్రూంలో ఊపిరాడక పడిపోతారు. ఒక మరణం జరిగిన చోట ఇంకొకటి కాకూడదు కదమ్మా.

ఇక్కడ మీరు ఏమనుకున్నా ఒక మాట చెప్పాలి. ధనిష్ఠా పంచకంలో పోయారని పంచాంగం చూసి, ఇల్లు మూడు నెలలో ఆరు నెలలో మూసెయ్యాలంటారు మన పెద్దలు. నేను ఆ నమ్మకాన్ని తప్పు పట్టను, మా ఇంట్లోనూ పాటిస్తారు. కానీ మూసేముందు శుభ్రం చేయించి మూయండి. మన ఎండలు తెలుసు కదా, మే నెలలో 40 దాటిపోతుంది. ఆ వేడిలో, మూసిన గదిలో, పరుపు మీద ఉన్నది నేలలోకి, గోడలోకి దిగిపోతుంది. పురుగు పడుతుంది, కింద ఫ్లాట్ వాళ్ళ సీలింగులో మరక తేలుతుంది. ఆరు నెలలకు తలుపు తెరిస్తే పరుపుతో పొయ్యేది కాస్తా టైల్స్ పగలగొట్టే దాకా వస్తుంది. పసుపు నీళ్ళు, గోమయం, పుణ్యాహవచనం అన్నీ చేయించుకోండి, అవి మీ మనశ్శాంతికి. పంతులుగారు క్లీనింగ్ అయిపోయాక రావాలి. ఆయన్ని కూడా ఆ గదిలో చెప్పుల్లేకుండా నిలబెడతాం కదా, ఆయన కాళ్ళ సంగతి ఆలోచించండి.

ఇప్పుడు ఫోన్. ఎవరు చెయ్యాలి? కొడుకు చెయ్యకూడదు, భార్య చెయ్యకూడదు. లోపల ఎంత రక్తం ఉంది, ఎన్ని రోజులైంది అని అవతలివాళ్ళు అడుగుతారు, వాళ్ళు అడక్క తప్పదు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పే పని తల్లికో బిడ్డకో పెట్టొద్దు. మేనమామో, తోడల్లుడో, అపార్ట్‌మెంట్ సెక్రటరీనో, లాడ్జీ మేనేజరో, ఎవరో ఒక్కరు. ఒక్కరే. నలుగురు నాలుగు ఫోన్లు చేస్తే నాలుగు రకాల మాటలు పోతాయి, రేటు కూడా నాలుగు రకాలు వస్తుంది.

ఆ ఒక్కరూ ఒక కాగితం ముందు పెట్టుకొని మాట్లాడాలి. ఏం జరిగింది, దాచకుండా. చాలామంది పరువు అని "కొంచెం రక్తం పడింది సార్" అంటారు. అవతలివాళ్ళు ఇద్దర్ని పంపిస్తారు, వచ్చి చూస్తే ఆరుగురి పని. మనిషి పోయి ఎంతసేపైంది, ఎన్ని రోజులైంది. గది ఎంత, ఏ అంతస్తు, లిఫ్టు ఉందా, ఆ లిఫ్టులో పరుపు పడుతుందా. నేల టైల్సా, మొజాయికా, గ్రానైటా, ఒట్టి సిమెంటా, ఇది తప్పకుండా చెప్పండి. టైల్స్ మెరుస్తుంటాయి, శుభ్రంగానే ఉన్నట్టుంటాయి. కానీ రెండు టైల్స్ మధ్య తెల్లసిమెంటు సందు ఉంటుంది చూడండి, గోడ కింద స్కర్టింగ్ ఉంటుంది చూడండి, అక్కడ లోపలికి దిగుతుంది. సిమెంటు నేల అయితే మొత్తం పీల్చుకుంటుంది. పరుపు దూదిదా, కొబ్బరి పీచుదా, రెగ్జిన్ కవరు ఉందా. పైన పళ్ళెమంత మరక కనిపిస్తే కింద విస్తరంత ఉంటుంది, మంచం ప్లైవుడ్ చెక్కదాకా పోయి ఉంటుంది. మంచం కూడా పోయిందనే అనుకోండి.

ఇంకా, గదిలో గాజు ముక్కలు, సూదులు, బ్లేడ్లు ఉన్నాయా, ఏదైనా రసాయనం ఒలికిందా, పోయిన మనిషికి టీబీ లాంటి జబ్బేమైనా ఉన్నట్టు ఇంట్లోవాళ్ళకు తెలుసా, లోపల కుక్క గానీ పిల్లి గానీ ఉందా. ఇవి పరువు సంగతులు కావు, లోపలికి వెళ్ళే మనిషి ప్రాణానికి సంబంధించినవి. నీళ్ళు వస్తున్నాయా, కరెంటు ఉందా, బండి ఎక్కడ ఆపాలి. బేరివీధి లాంటి ఇరుకు సందులో అయితే వ్యాను రాదు, ముందే చెప్పాలి.

ఫొటోలు అడుగుతారు. గుమ్మం దగ్గర నిలబడి తియ్యండి, లోపలికి అడుగు పెట్టొద్దు. కంపెనీ నంబరుకు పంపించి ఫోన్లోంచి తీసెయ్యండి. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి నాయనా. పోయిన మనిషి పిల్లలు రేపు ఆ ఫొటో ఎక్కడో చూస్తారు.

మీరు వాళ్ళను అడగాల్సినవీ ఉన్నాయి. మీ పనివాళ్ళు ఏం తొడుక్కుంటారు, హెపటైటిస్ బి టీకా వేయించారా అని అడగండి. తీసుకెళ్ళిన రక్తపు పరుపు, గుడ్డలు ఎక్కడ పారేస్తారు అని అడగండి. ఇది అసలైన ప్రశ్న. ఆసుపత్రిలో అయితే 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు సంచిలో వేసి, అనుమతి ఉన్న ప్లాంటుకు పంపిస్తాం, అక్కడ కాల్చేస్తారు. అట్లాంటి ప్లాంటుతో మీకు ఒప్పందం ఉందా అని అడిగితే మంచి కంపెనీ వెంటనే చెప్తుంది. తడబడితే అర్థం చేసుకోండి, ఆ పరుపు రేణిగుంట రోడ్డు పక్కనో, ఏ చెరువు గట్టునో తేలుతుంది. అక్కడ చెత్త ఏరుకునే పిల్లల చేతికి వస్తుంది. మనం ఒక పిల్లోణ్ణి కాపాడి ఇంకో పిల్లోడికి అంటించినట్టు.

వాసన పోవడానికి ఓజోన్ మెషిన్ పెడతామంటే, ఎంతసేపు గది ఖాళీగా ఉంచాలో అడగండి. అది నడుస్తున్నప్పుడు మనుషులు, కుక్కలు, మొక్కలు ఏవీ ఉండకూడదు. శుభ్రం చెయ్యకుండా ముందే మెషిన్ పెడతామంటే ఒప్పుకోకండి. ఎస్టిమేట్ రాసివ్వమనండి, కూలి ఎంత, ప్రయాణం ఎంత, ఏవేవి తీసేస్తారు, ఏవి ఉంచుతారు. మొత్తం డబ్బు ముందే కట్టకండి. వ్యాను మీద పెద్ద బోర్డు లేకుండా రండి అని కూడా అడగొచ్చు.

సామాన్ల సంగతి మర్చిపోతాం. ఆ దుఃఖంలో ఎవరికి గుర్తుంటుంది? బీరువా తాళాలు, నగలు, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఎల్‌ఐసీ బాండు, ఫోను. పోలీసులు ఏం తీసుకెళ్ళారో జాబితా అడిగి ఒక కాపీ తీసుకోండి. మిగిలినవి ఏవి కావాలో కంపెనీకి ముందే రాసివ్వండి, వాళ్ళు తుడిచి విడిగా పెడతారు. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి, 1969 నాటి చట్టం అది, దానికి ఆ కాగితాలు కావాలి. ఇన్సూరెన్సుకి ఎఫ్‌ఐఆర్ కాపీ, పోస్టుమార్టం రిపోర్టు అడుగుతారు. దిండు కింద పెట్టుకున్న పాత ఫొటో ఒకటి ఉంటుంది, మనకు చెత్తలా కనపడుతుంది, ఆ ఇంట్లోవాళ్ళకు అదే ప్రాణం. అడక్కుండా ఏదీ పారేయించకండి.

ఆ కుటుంబం గురించి కూడా. గది చూసినవాళ్ళు, ముఖ్యంగా తలుపు తెరిచిన మొదటి మనిషి, అది రూంబాయ్ కావొచ్చు, రాత్రిళ్ళు నిద్రపోలేరు. టెలీ మానస్ అని ప్రభుత్వం నడిపే నంబరు ఉంది, 14416. ఎప్పుడైనా చెయ్యొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. దాన్ని గోడకు అంటించండి.

లాడ్జీలవాళ్ళకి ఇంకొకటి. మీ హౌస్‌కీపింగ్ వాళ్ళందరికీ హెపటైటిస్ బి టీకా వేయించండి. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. మందమైన గ్లౌజులు, బూట్లు, మాస్కులు, గాజు ముక్కలు ఎత్తడానికి పటకారు, ఒక మూత గట్టిగా ఉండే డబ్బా, ఇవన్నీ ఒక అరలో ఉండాలి. కంపెనీవాళ్ళు వచ్చేదాకా ఏదైనా చిన్న పని తప్పకపోతే ఒట్టి చేతులతో చెయ్యకుండా.

ఆ అన్న ఏదో అడుగుతున్నాడు... గట్టిగా చెప్పండి అన్నా. "దర్శనానికి వచ్చిన పేదవాళ్ళైతే ఈ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?" అంటున్నాడు. మంచి ప్రశ్న అడిగావన్నా. నా అభిప్రాయం చెప్తా, ఒప్పుకోకపోయినా పర్వాలేదు. కొడుకు శవాన్ని అంబులెన్సులో పెట్టుకొని ఊరికి పోతున్న తల్లి చేతిలో ఆ బిల్లు పెట్టకూడదు. అడ్వాన్సులో పట్టుకోకూడదు. రూంబాయ్ జీతంలో కొయ్యకూడదు, అట్లా కోసినవాళ్ళు కూడా ఉన్నారు. మీ లాడ్జీకి ఇన్సూరెన్స్ ఉంటే ఇది కవర్ అవుతుందా అని ఏజెంటుకి ఈ వారమే ఫోన్ చేసి అడగండి, సంఘటన జరిగాక కాదు. లేకపోతే సంఘంలో ఒక్కో లాడ్జీ నెలకు కొంచెం కొంచెం వేసుకొని ఒక నిధి పెట్టుకోండి. నలభై గదుల లాడ్జీకి ఎంత, పది గదుల హోంస్టేకి ఎంత అనేది మీరే కూర్చొని తేల్చుకోండి. ఒకే కంపెనీతో ముందే మాట్లాడుకుంటే రేటు కూడా తగ్గుతుంది, అర్ధరాత్రి వెతుక్కునే పని ఉండదు. సెక్రటరీ గారు రాసుకుంటున్నారు, సంతోషం. వచ్చే నెల మీటింగులో మొదటి అంశంగా ఇదే పెట్టండి సార్, గ్లౌజుల కొటేషన్ నేను తెప్పించి ఇస్తాను.